అవ్వ మొహం

సెప్టెంబరు 4

బావ చిక్కిపోయాడు. అవ్వ వేషం కట్టినప్పుడు మొహం ముక్కు మీద నిలవడం లేదనీ, మాట్లాడినప్పుడల్లా గడ్డం మీదికి జారుతోందనీ వారం నుంచి ఒకటే గోల. నువ్వు తిండి మానేస్తే నా పనితనానికి మాట రావాలా అని తిట్టి, ఇవాళ పొద్దున్నే బల్ల మీద పడుకోబెట్టి కొత్త అచ్చు తీశాను. మాస్కు అంటే అన్నయ్య ఒప్పుకోడు. నాటకంలో పెట్టుకునేవి మొహాలట, ఇంట్లో తిరిగేవే మాస్కులట. డైరెక్టరు గారు కదా, ఏదన్నా చెల్లుతుంది.

మొహమంతా వాసెలిన్ పూసి, ముక్కులో గొట్టాలు పెట్టి, తడిపిన ప్లాస్టర్ పట్టీలు ఒక్కొక్కటే పరిచాను. ఆరేదాకా మనిషి మాట్లాడకూడదు, నవ్వకూడదు, కళ్ళు తెరవకూడదు. అందుకని ఎవరో ఒకరు పక్కన కూచుని చెయ్యి పట్టుకోవాలి. ఒకసారి నొక్కితే అవునని, బాగానే ఉన్నానని. రెండుసార్లు నొక్కితే తీసెయ్యమని. ఇవాళ వదిన పట్టుకుంది. తమ్ముడు నోరు మూసుకుని దొరికాడు కదా, చిన్నప్పటి తగువులన్నీ బయటికి తీసింది. నా పలక పగలగొట్టి పిల్లి మీద పెట్టింది నువ్వే కదూ అని అడిగి, "నొక్కాడే! ఇన్నాళ్ళకి ఒప్పుకున్నాడు" అని మురిసిపోయింది. ప్లాస్టర్ కింద ఉన్న మనిషి అబద్ధమాడలేడని వదిన నమ్మకం.

నోటి మీద పట్టీ వెయ్యబోతుంటే బావ, "మరదలు పిల్లా, నీకో మాట చెప్పాలి" అన్నాడు. ఆరాక చెబుదువుగాని అని మూసేశాను. ఆరాక మొహం కడుక్కుని, ఆకలేస్తోందని వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు 8

కొత్త మొహం సిద్ధమైంది. అచ్చులో ప్లాస్టర్ పోసి బావ తల తీశాను. ఆ తల మీద కాగితాలు అంటించి, ముడతలు దిద్ది, రంగు వేశాను. తొడుక్కుని అటూ ఇటూ విదిలించి చూశాడు, కదలలేదు. ఇంకెవరు పెట్టుకున్నా కణతల దగ్గర కోసుకుంటుంది. మా పనే అంత, ఒకరి మొహం ఇంకొకరికి పట్టదు.

హాలు నిండింది. రెండో అంకం తరవాత అవ్వ ఖాళీ గిన్నె ముందు పెట్టుకుని ఒక్కతే కూచుంటుంది. ఈ ఘట్టం అసలు నాటకంలో లేదు. వేసవిలో మా వీధి పాలబ్బాయిని సర్కారు మనుషులు తీసుకుపోయిన వారం, బావ తనంతట తానే గరిటెతో గిన్నె మీద కొట్టి, "పాలబ్బాయీ, అన్నానికి రా" అని పిలిచి ఊరుకున్నాడు. అప్పుడు వెనక వరసలోంచి ఎవరో ఆడమనిషి, "ఇంకా రాలేదవ్వా" అంది.

ఆ ఒక్క మాట అనడానికే ఇప్పుడు జనం వస్తున్నారు. టిక్కెట్టు కొనేటప్పుడు కిటికీలోంచి వదిన చెవిలో వేస్తారు, మావాడు దర్జీ అని, మా ఆయన లెక్కల మాస్టారని. వదిన గుర్తుపెట్టుకుని తమ్ముడికి చెబుతుంది. బయట వీధిలో అలా తీసుకుపోయినవాళ్ళ ఊసెత్తితే పక్కింటివాళ్ళు తలుపులు వేసుకుంటారు. ఇక్కడ చీకట్లో కూచుని, రాలేదవ్వా అని గట్టిగా అంటారు. వెళ్ళేటప్పుడు కాస్త తేలికపడి నడుస్తారు. కళ ఎందుకని అన్నయ్య గంటలకొద్దీ చెప్పగలడు. నాకు అవేవీ ఎక్కవు గానీ ఆ నడక చూస్తే అర్థమవుతుంది.

గోడ మీద వేషగాళ్ళ పేర్లు రాయడం, చప్పట్లకి మొహాలు తియ్యడం అన్నయ్య కిందటేడే మాన్పించాడు. అవ్వ ఎవరో ఊళ్ళో ఎవరికీ తెలియదు. అన్నయ్యకి ముందుచూపు ఎక్కువ.

సెప్టెంబరు 9

మందుల షాపు చిన్నమ్మాయిని కూడా పిలిచాడు బావ. ఆ పిల్లకి పదిహేడేళ్ళు. వాళ్ళ నాన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. హాలంతా చెప్పింది.

సెప్టెంబరు 11

కళ్ళజోడాయన వచ్చాడు. ఈ పేరు లైట్లాయన పెట్టాడు. మా లైట్లాయన స్టేజీకి దీపాలు పెట్టే మనిషే గానీ చీకటంటే భయం, మనుషులంటే ఇంకా భయం. ఆ కళ్ళజోడు నాలుగు రోజులుగా మూడో వరసలో మెరుస్తోందని ఆయనే కనిపెట్టాడు.

ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. వెంట ఇద్దరు మనుషులు. నాటకం అద్భుతమన్నాడు, అవ్వ వేషం ఎవరు వేస్తారని అడిగాడు. అందరం నేల చూపులు చూశాం. బావ తన చెప్పులు ఎప్పుడూ చూడనట్టు చూసుకున్నాడు. పాటలు పాడే అక్క దగ్గింది. లైట్లాయన తీగలు చుట్టుకుంటూ ఉండిపోయాడు గానీ నోరు విప్పలేదు. కళ్ళజోడాయనకి కోపం రాలేదు. అవ్వ మొహాన్ని రెండు చేతులా తీసుకుని, చూసి పంపిస్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ, తీరిక చూసుకుని ఒకసారి కాఫీకి రమ్మని అన్నయ్యని పిలిచాడు.

ఒక్కొక్కరి మొహానికీ పెట్టి చూడాలని తెలిస్తే ఆ అవ్వే చెప్పేసేది. ఆయనకి మా పని సంగతి తెలియదు కాబట్టి బతికిపోయాం.

సెప్టెంబరు 12

పొద్దున్నే అన్నయ్యా నేనూ పనిగది గడియ వేసుకుని తలలన్నీ అరల మీంచి దింపాం. బావ తల ఒక్కటి లేకుండా చేస్తే చాలు, ఇక ఆ మొహం ఎవరిదో తేలదు. సుత్తి తీసుకున్నాను కూడా. ప్లాస్టర్ దొరకడం ఎంత కష్టంగా ఉందో ఈ మధ్య. అందుకని పగలగొట్టలేదు. కళ్ళు మూసుకుని, నోటి చివర ఏదో మాట ఆపుకున్నట్టుగా ఉంది ఆ తల. ప్లాస్టర్ కోసమే ఆగాను.

గోనెగుడ్డలో చుట్టి ప్లాస్టర్ బస్తా అడుగున పాతిపెట్టాం. వదినకి కూడా చెప్పొద్దన్నాడు అన్నయ్య. నిజమే, చెబితే నిద్రపోదు. మా ఇద్దరికే తెలుసు.

సెప్టెంబరు 13

అన్నయ్య కాఫీకి వెళ్ళి వచ్చాడు. ఏమన్నారని అడిగితే, నాటకాల గురించే మాట్లాడుకున్నాం, ఆయన బాగా చదువుకున్నవాడు అన్నాడు. భోజనానికి కూచుని కంచంలోంచి లేచిపోయాడు. కాఫీ పడలేదట.

సెప్టెంబరు 15

ఏమీ జరగలేదు. ఊరికే హడలిపోయాం.

సెప్టెంబరు 18

బావని తీసుకుపోయారు.

గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప నున్నగా ఉంది, ఒక చెంప నిండా సబ్బు. తిన్నగా మా ఇంటికే వచ్చారు. ఇంకెవర్నీ అడగలేదు, ఎవరి మొహమూ చూడలేదు. అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ మీద పెట్టి తెచ్చిన అవ్వ మొహాన్ని కళ్ళజోడాయన స్వయంగా బావకి తొడిగాడు. ఎంత చక్కగా పట్టిందంటే, పక్కనున్న ఇద్దరూ అబ్బ అన్నారు. వదిన గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. లోపల్నుంచి బావ అవ్వ గొంతుతో, "నాకు ఆకలి లేదు, మీరు తినెయ్యండి" అన్నాడు. నవ్వించాలనుకున్నాడు కాబోలు. మొహంతోనే తీసుకుపోయారు. సబ్బు కూడా కడుక్కోనివ్వలేదు.

అన్నయ్య ఇంట్లో లేడు. కూరగాయలకి వెళ్ళాడు. పెళ్ళయినప్పట్నుంచీ కూరగాయల సంచీ ముట్టుకోని మనిషి ఇవాళ వెళ్ళాడు. మంచిదే అయింది. ఉంటే తననీ లాక్కుపోయేవాళ్ళు.

సెప్టెంబరు 19

నీకో మాట చెప్పాలి అన్నాడు. నేనే నోరు మూశాను.

సెప్టెంబరు 20

ఎవరో చెప్పారు. చెప్పకుండా అంత సూటిగా ఎలా వస్తారు? ఆ రోజు నుంచీ లైట్లాయన జాడ లేదు. అన్నయ్యే అన్నాడు, "పిరికివాడు, నాలుగు బెదిరించి ఉంటారు, కక్కేశాడు" అని. వదిన ఆ మాట పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను. చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా పట్టుకోవడానికి.

బస్తా అడుగు దాకా చెయ్యి పెట్టి వెతికాను. బావ తల లేదు. అన్నయ్యని అడిగితే, భయమేసి తానే తీసి పగలగొట్టి కాలవలో పారేశానన్నాడు. మంచి పని చేశావన్నాను. ఎంతో నిశ్చింతగా అనిపించింది. పగలగొట్టేశాడు. నేను చెయ్యలేని పని తను చేశాడు.

సెప్టెంబరు 23

లైట్లాయన గుమ్మం దాకా వచ్చాడు. కూతురికి జ్వరం తగ్గడం లేదనీ, అందుకే పనికి రాలేకపోయాననీ, బావ సంగతి ఇప్పుడే విన్నాననీ ఏదో చెప్పబోయాడు. వదిన లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆయన మొహం మీదే తలుపు వేశాను. కిటికీలోంచి చూస్తే చాలాసేపు మెట్ల మీదే నిలబడి ఉన్నాడు. నటన కూడా వచ్చన్నమాట ఈయనకి అనుకున్నాను.

సెప్టెంబరు 27

వదినా నేనూ బావకి బట్టలు ఇచ్చి వద్దామని వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాం. కింద గుమాస్తా సంచీ విప్పనైనా విప్పకుండా, అవసరం లేదన్నాడు. ఎందుకు అవసరం లేదో చెప్పలేదు. వదిన మళ్ళీ మళ్ళీ అడిగింది. చివరికి కళ్ళజోడాయన పైనుంచి కబురు పెట్టి కుర్చీలు వేయించాడు.

ఆయన బల్ల మీద, కాగితాల పక్కన, బావ తల ఉంది.

ఎక్కడా చెక్కు చెదరలేదు. గోనెగుడ్డ పీచు ఒకటి చెవి దగ్గర అంటుకుని ఉంది. వదిన చెయ్యి చాచి దాని చెంప నిమిరింది. ఆయన వద్దనలేదు. నా వైపు చూసి, "చేసిన చేతులు మీవేనట కదా, గొప్ప పనితనమండీ" అన్నాడు. బావ గురించి అడిగితే విచారణలో ఉందన్నాడు. కాఫీ తాగుతారా అన్నాడు.

దారిలో వదిన, "మన పనిగది ఎప్పుడు సోదా చేశారే?" అని అడిగింది. తెలీదు వదినా అన్నాను. "ఆ తల ఎక్కడుందో లైట్లాయనకి తెలుసా?" అంది. నేను జోరుగా నడిచాను.

సెప్టెంబరు 28

పగలగొట్టి కాలవలో పారేశానన్నాడు.

పగలగొట్టి కాలవలో పారేశానన్నాడు. నా కళ్ళలోకి చూసి అన్నాడు.

సెప్టెంబరు 29

అమ్మ పోయినప్పుడు నాకు జడ వెయ్యడం నేర్చుకున్నది అన్నయ్యే. వంకరగా వేసేవాడు, బళ్ళో నవ్వేవాళ్ళు. నా మొదటి అచ్చు తన మొహం మీదే తీయించాడు. వాసెలిన్ సరిగ్గా రాయక సగం కనుబొమ్మ ఊడొస్తే నెలరోజులు కాటుక దిద్దుకుని తిరిగాడు గానీ చెల్లెలి తప్పని ఎవరికీ చెప్పలేదు. అలాంటి మనిషి. ఇంకేదో జరిగి ఉంటుంది. కొట్టారేమో. ఒంటి మీద దెబ్బలేవీ కనబడలేదు మరి.

సెప్టెంబరు 30

అన్నయ్య అందర్నీ హాల్లో కూచోబెట్టాడు. నాటకశాల మూసెయ్యడం లేదు, మళ్ళీ ఆడుకోవచ్చని అనుమతి వచ్చింది. గోడలకి సున్నం కూడా వాళ్ళే వేయిస్తారట. అవ్వ ఘట్టం ఉంటుంది, తీసేస్తే జనం ఏమైనా అనుకుంటారు. అయితే చిన్న మార్పు. అవ్వ పిలవగానే పాలవాడూ, దర్జీ, మాస్టారూ అందరూ పక్కనుంచి నవ్వుకుంటూ పరిగెత్తుకొస్తారు. అవ్వ చుట్టూ కూచుని కడుపు నిండా తింటారు. తెర పడుతుంది. జనానికి ఓదార్పు కావాలి, ఎన్నాళ్ళని ఏడిపిస్తాం అన్నాడు. అవ్వ వేషం తనే వేస్తాడట.

వచ్చారని చూపిస్తారు. రానివాళ్ళు వచ్చారని, ఆ తల్లుల ముందే, ఆ నాన్నల ముందే. టిక్కెట్టు కొనుక్కుని వచ్చి అది చూడాలి వాళ్ళు.

అందరూ వెళ్ళాక ఒక్కదాన్నే ఉండిపోయాను. అన్నయ్య నా పక్కన కూచుని, "ఒక్కరితో ఆగింది, బుల్లీ. లేకపోతే అందరం పోవాల్సింది" అన్నాడు.

ఆపింది ఎవరు అని అడిగాను.

స్టేజీ వైపు చూస్తూ, "ఈ నాటకశాలంటూ ఉంటే రేపు ఇంకో అవ్వ పుడుతుంది. ఇదే లేకపోతే ఎవర్ని ఎక్కణ్ణుంచి పిలుస్తావు?" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు, అదే నాకు భరించరాకుండా ఉంది. తరవాత లేచి, ఆదివారం నా అచ్చు తియ్యి అన్నాడు.

అక్టోబరు 1

వదినకి చెబితే తమ్ముడితో పాటు మొగుడూ పోతాడు. చెప్పకపోతే ఆ చేతికే రోజూ అన్నం పెడుతుంది. నాకు ఏ దారీ తోచడం లేదు. చెప్పను. చెప్పి ఏం సాధిస్తాను, బావ వస్తాడా.

అక్టోబరు 2

చెప్పను.

అక్టోబరు 3

పాటల అక్క వచ్చి చెప్పింది, లైట్లాయన ఇంటి కిటికీలు ఎవరో రాళ్ళేసి పగలగొట్టారట. ఎవరో ఏమిటి, నాటకానికి వచ్చేవాళ్ళే. అవ్వని పట్టించింది ఆయనేనని ఊరంతా పాకింది. గాజు పెంకు తగిలి కూతురి నుదురు చీరుకుందట. వదిన విని, "తగిన శాస్తి" అంది. ఆ తరవాత తనే వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

అన్నయ్య భోజనం చేస్తున్నాడు. అంతా విన్నాడు. ఒక్క మాట, కాదు, ఆయన కాదు అంటే చాలు. ముద్ద మింగి, మజ్జిగ ఉందా అని అడిగాడు.

అక్టోబరు 5, ఆదివారం

ఇది లైట్లాయన ఇంట్లో కూచుని రాస్తున్నాను. మధ్యాహ్నం అయింది. కిటికీలకి అట్టలు కొట్టారు, వెలుతురు సరిగ్గా లేదు.

పొద్దున్నే అన్నయ్య బల్ల మీద పడుకున్నాడు. చెయ్యి పట్టుకోవడానికి వదినని నేనే పిలిచాను. పాటల అక్కని పిలవచ్చు, పిలవలేదు. ఇది తెలిసే చేశాను, తరవాత ఎప్పుడైనా ఇది చదివి తెలియక చేశానని చెప్పుకోకూడదు. వాసెలిన్ కనుబొమ్మలకి దట్టంగా పట్టించాను, అన్నయ్య నేర్పినట్టే. గొట్టాలు పెట్టాను. నుదురు, చెంపలు, కళ్ళు అయ్యాయి. నోటి మీద పట్టీ వేసే ముందు, ఏమైనా చెప్పాలా అన్నయ్యా అని అడిగాను. కానియ్యి, సున్నం వేసేవాళ్ళు వస్తారు అన్నాడు. మూసేశాను.

ప్లాస్టర్ బిగిసేదాకా ఆగాను. వదిన ఆయన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, బాగానే ఉన్నారా అంటే ఒకసారి నొక్కాడని చెప్పింది. అప్పుడు అడిగాను.

"అన్నయ్యా, బావ తల ప్లాస్టర్ బస్తాలో దాచింది నువ్వూ నేనూ. తీసి కళ్ళజోడాయనకి ఇచ్చింది నువ్వేనా?"

వదిన నా వైపు చూసింది. నేనేదో వేళాకోళం ఆడుతున్నానని ముందు కాస్త నవ్వబోయింది కూడా. ఆ నవ్వు మూతి మీదే ఆగిపోయింది. నేను ప్లాస్టర్ వైపే చూస్తూ నిలబడ్డాను. తెల్లటి ముద్ద, రెండు గొట్టాలు. గొట్టాల్లో ఊపిరి వేగంగా ఆడుతోంది.

"రెండుసార్లు నొక్కుతున్నారు" అంది వదిన. "మళ్ళీ రెండుసార్లు. తీసెయ్యమంటున్నారే."

ఇంకా ఆరలేదు వదినా అన్నాను. నువ్వే అడుగు అన్నాను.

వదిన కొంగు బిగించుకుంది. పెదాలు తడుపుకుంది. ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, వంగి, ఆ చెవి ఉండేచోట నోరు పెట్టి, పలక సంగతి అడిగిన గొంతుతోనే, "మీరేనా?" అంది.

గొట్టాల్లో చప్పుడు నెమ్మదించింది. ఆయన వేళ్ళ వంక నేను చూడలేదు. వదిన మొహం చూశాను. ఏమీ మారలేదు ఆ మొహంలో. ఒకసారి నొక్కాడనీ చెప్పలేదు, నొక్కలేదనీ చెప్పలేదు. ఆ చెయ్యి తీసుకెళ్ళి జాగ్రత్తగా ఆయన గుండెల మీద పెట్టింది. పక్కకి జారితే మళ్ళీ ఎత్తి పెట్టింది. లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చెప్పులేసుకుంది.

"లైట్లాయన ఇల్లు ఎటు?" అని అడిగింది.

ఆ తల పగలగొట్టకుండా దాచింది ప్లాస్టర్ దొరకదనేనని దారిలో వదినకి చెప్పాను. లైట్లాయన తలుపు తీసి మమ్మల్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. రాళ్ళు తెచ్చామనుకున్నాడేమో. వదిన గుమ్మం బయటే నిలబడి, "నీ మీద తప్పు మాట అన్నాం. లోపలికి రానిస్తావా?" అంది. ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వదిన ఏడవలేదు. లోపలికి వెళ్ళి, పిల్ల నుదుటికి కట్టు మార్చి, ఇప్పుడు చెంచాతో పాలు పట్టిస్తోంది. మధ్యలో ఒకసారి తలెత్తి, "ప్లాస్టర్ కోసమే దాచావా ఆ తల?" అని అడిగింది. కాదని చెప్పాను. తెలుసులే అంది.

మార్చిన నాటకానికి సాయంత్రం నుంచి టిక్కెట్లు అమ్ముతారు, ఆ కిటికీ దగ్గర వదిన కూచోదట. నాటకశాల గేటు బయట నిలబడుతుందట. వచ్చేవాళ్ళు ఎప్పట్లాగే చెవిలో చెబుతారు కదా, అక్కడే రోడ్డు మీద పిలుస్తానంటోంది. గిన్నె, గరిటె ఉన్నాయా నీ దగ్గర అని లైట్లాయన్ని అడుగుతోంది. ఆయన వంటింట్లో వెతుకుతున్నాడు. మొదట బావని పిలుస్తుంది. రాలేదని నేను చెప్పాలి.

ఈపాటికి అచ్చు ఆరిపోయి ఉంటుంది. ఎక్కణ్ణుంచి పట్టుకుని ఎలా తీసుకోవాలో అన్నయ్యకి తెలుసు. నాకు నేర్పింది ఆయనే.